మిల్లు బిల్లింగ్ సర్వర్‌లో ఫోల్డర్‌కు 777 ఇస్తే ప్రమాదమా?

నెల్లూరులో రైస్‌మిల్లు, లైనక్స్ సర్వర్. తూకం చీటీల ఫొటోలు అప్‌లోడ్ కాక, ఫోల్డర్‌కు 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు) ఇచ్చేశారు. ఇప్పుడు అవుతున్నాయి, తప్పేంటి అని మీ ప్రశ్న.

ప్రమాదమే. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడు అంకెలు వరసగా ఓనర్‌కు, గ్రూపుకు, మిగతా అందరికీ. చాలామంది గమనించనిది ఒకటుంది: ఫోల్డర్‌లో రాసే హక్కుంటే, లోపలి ఫైలుకు 600 (ఓనర్ మాత్రమే చదివి రాసేలా) పెట్టినా దాన్ని తీసేసి అదే పేరుతో ఇంకోటి పెట్టొచ్చు. బిల్లు ఫైలే మారిపోవచ్చు.

ఫోల్డర్ గ్రూపును వెబ్‌సర్వర్ గ్రూపుకు మార్చి 770 ఇవ్వండి, కోడ్ ఫైళ్లకు 640. అప్‌లోడ్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ (వెబ్‌సైట్లకు వాడే ప్రోగ్రామింగ్ భాష) కోడ్ నడవకుండా సర్వర్ సెట్టింగ్‌లో ఆపండి. ఇది మాత్రం మర్చిపోవద్దు; ఫొటో బదులు స్క్రిప్ట్ ఎక్కించడం పాత ఎత్తే.

లోపలికొచ్చినవాడు తర్వాత రూట్ (సర్వర్‌పై పూర్తి అధికారం ఉన్న యూజర్) హక్కు కోసం చూస్తాడు. అక్కడ ప్రోగ్రాములు మెమరీని వాడటంలో చేసే తప్పులు వాడికి పనికొస్తాయి. ఎవరు నడిపినా రూట్ హక్కుతో నడిచే సెట్‌యూఐడీ ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. వేరే యూజర్ హక్కుతో కమాండ్ నడపడానికి లైనక్స్‌లో వాడే పీకేఎగ్జెక్ (pkexec) అలాంటిదే. ఆర్గ్యుమెంట్లు (ప్రోగ్రామును పిలిచేటప్పుడు దానికిచ్చే మాటలు) ఒక్కటీ, దాని పేరు కూడా, ఇవ్వకుండా పిలిస్తే అది ఆ ఆర్గ్యుమెంట్ల జాబితా హద్దు దాటి, పక్కనున్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను (ప్రోగ్రాముకు అందే సెట్టింగ్ విలువలను) చదివి, అక్కడే తిరిగి రాసేది. మామూలు యూజర్‌కు రూట్ దక్కేది. 2009 నుంచి ఉన్న ఈ లోపం 2022 జనవరిలో బయటపడింది. ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వచ్చేదాకా చెప్పిన తాత్కాలిక మందు కూడా పర్మిషనే: ఆ ఫైలుకు 0755 ఇచ్చి సెట్‌యూఐడీ బిట్ తీసేయడం. మీ సర్వర్ పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి.