జపాన్ సామెత, పద్దెనిమిది వేల జూసరు: అంగడి పెట్టబోయే అల్లునికి

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వంట సామాన్ల లిస్టు, అంగడి ముందు కట్టే ఫ్లెక్సీ నమూనా రెండూ చూశాను. స్టీలు, ఇత్తడి గురించి నేను చెప్పేదేం లేదు, అది మీ నాయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే. నా గొడవంతా ఫ్లెక్సీ మీద. 18,000 రూపాయల జూసరు బొమ్మ వేసి, కింద "నిదానంగా పిండిన రసమే నిండు ఆయుష్షు - జపాన్ సామెత" అని రాయించావు. ఇది జపాన్ సామెత అని నీకెవరు చెప్పారబ్బా? అట్టపెట్టె మీద ఉందంటావు. మీ అవ్వ "నిదానమే ప్రధానం" అంటే ఆవలించేవాడివి. అదే మాటకు జపాన్ ముద్ర వేసేసరికి ఫ్లెక్సీ ఎక్కించావు.

ఈ విద్య ఇవాళ్టిది కాదులే. "ఒక బొమ్మ పదివేల మాటల పెట్టు" అని చైనా సామెత ఉందంటారు కదా, దాని కథ విను. అమెరికాలో ఫ్రెడ్ బార్నార్డ్ అని ట్రాము బండ్లలో ప్రకటనలు అమ్ముకునే ఆయన ఉండేవాడు. 1921లో ఒక వ్యాపార పత్రికలో ఇలాంటి మాటే వేయించి, ఎవరో జపాన్ తత్వవేత్త అన్నాడని రాశాడు. 1927లో మాట కాస్త మార్చి, ఈసారి చైనా సామెత అన్నాడు. ఆరేళ్లలో జపాన్ వదిలి చైనా చేరింది! ఆకలైనవాడికి చేప ఇవ్వడం కంటే పట్టడం నేర్పమనే మాటనూ చైనా వాళ్లకే అంటగడతారు. దానికి దగ్గరి మాట 1885 నాటి ఇంగ్లీషు నవలలో ఉంది.

దూరపు కొండలు నునుపు. చైనా అంటే అక్కడికి పోయి అడిగేదెవరు? మనమూ తక్కువ తినలేదు. ఎవరికి తోచిన నాలుగు ముక్కలకైనా చివర "విశ్వదాభిరామ" అతికిస్తే వేమన పద్యమైపోతుంది. ఆ వేమన పద్యాల కోసం తాళపత్రాలు వెతికించి, పాఠాలు సరిచూసి 1829లో అచ్చు వేయించిన బ్రౌన్ దొర మన కడపలో కాపురమున్నవాడే. ఆయన పేరున్న గ్రంథాలయం ఎర్రముక్కపల్లెలో ఉంది, బండి మీద పోతే ఎంతసేపు? సామెత లేకుండా ఫ్లెక్సీ బోసిపోతుందనుకుంటే అక్కడికి పోయి సామెతల పుస్తకాలు అడుగు. కెప్టెన్ కార్ అనే ఇంకో దొర 1868లోనే మద్రాసులో తెలుగు సామెతలు పోగేసి అచ్చేయించాడు. మన సరుకు మనకు చాలా ఉంది.

నన్నడిగితే సామెతే వద్దు. ఆ వస్తువు ఏం చేస్తుందో, ఏం చేయదో రాయి. అది రాయాలంటే ముందు నీకు తెలియాలి. కాబట్టి ప్రతి రకం నుంచి ఒకటి విప్పి, ఇంట్లో మీ అమ్మ చేతికివ్వు. ఆమె మొహమాటపడే మనిషి కాదు.

తాడు లాగే చాపర్‌నే తీసుకో. పచ్చడికి, కూర మసాలాకు ఎర్రగడ్డలు ముక్కలు చేయడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. బొరుగులతో చేసే ఉగ్గానికి మాత్రం పనికిరాదు. ఉగ్గానికి ఎర్రగడ్డ పొడుగ్గా, సన్నగా తరగాలి. ఇదేమో నలుచుకుంటూ పోతుంది, నాలుగు గుంజులు ఎక్కువైతే గిన్నె అడుగున నీళ్లు తేలతాయి. ఆ నీళ్లతోనే పోపులో వేస్తే ఎర్రగడ్డ వేగదు, ఉడుకుతుంది. బొరుగులు ముద్దయి కూర్చుంటాయి. కడపలో చాపర్ కొనే ఆడమనిషి మొదట చేసేది ఉగ్గానే. మర్నాడు పొద్దున నీ అంగడి ముందు నిలబడి నిన్నే అడుగుతుంది, కంపెనీని కాదు.

ఎయిర్ ఫ్రైయర్ కూడా అంతే. లోపల ఒక హీటరు, ఒక ఫ్యాను, చిన్న ఒవెన్ అనుకో. 2010లో ఫిలిప్స్ వాళ్లు దించినప్పటి నుంచి అందరూ చేస్తున్నారు. చెనిగ్గింజలు చక్కగా వేగుతాయి. మిరపకాయ బజ్జీ వేస్తే పిండి జాలీలోంచి కారిపోతుంది, జారుగా కలిపిన పిండి గట్టిపడాలంటే కాగే నూనె తగలాల్సిందే. 1500 వాట్లది ఆగకుండా గంట నడిస్తే ఒకటిన్నర యూనిట్ కరెంటు. ఈ మూడూ అట్టముక్క మీద రాసి పక్కన పెట్టు. బేరాలు పోతాయని టెన్షన్ పడొద్దు, కొన్ని పోతాయి, పోనీ. జూసరు మాత్రం ఒక్కటే తెప్పించు. రసం బాగానే వస్తుంది, కానీ దాని జల్లెడ కడగడానికి పట్టే సేపు ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

కుక్కర్ల విషయంలో మాత్రం మెత్తగా ఉండొద్దు. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2020లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. గుర్తు లేని సరుకు సగం ధరకిస్తామని ఎవరైనా వస్తే మజ్జిగిచ్చి పంపించు.

మరొకటి. నీ లిస్టులో విడిభాగాలు లేవు. కుక్కర్ రబ్బర్లు, విజిళ్లు, సేఫ్టీ వాల్వులు, మిక్సీ జార్ల కింద అరిగిపోయే కప్లర్లు, ఇవి లేకుండా అంగడి తెరవొద్దు. రూపాయల్లో చిన్నవే, కానీ మనిషిని మెట్లెక్కించేవి అవే. రబ్బరు సైజు చాలామందికి తెలియదు, "ఐదు లీటర్లది" అంటారు. అదే ఐదు లీటర్లకు ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. మూత తెచ్చుకోమను. మూతకు తొడిగి చూసి, సరిపోయాకే డబ్బులు తీసుకో.

మీ మామ