ఆటకు పొద్దుండగానే వదలండి

ప్రశ్న: మాది విజయనగరం. నేను ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. మావారు రోజూ రైల్లో విశాఖపట్నం వెళ్లి రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరతారు. ఎనిమిదేళ్ల బాబుకు నాలుగున్నరకు బడి వదులుతారు. ఐదు నుంచి ఏడు వరకు ట్యూషన్. ఇంటికి రాగానే ఫోను పట్టుకుంటాడు, లాక్కుంటే అరుస్తాడు. మొన్న మంచం మీద దిండ్లు నిలబెట్టి, ఒక్కడే వాటికి బంతి విసురుకుంటుంటే నా కడుపు తరుక్కుపోయింది. వాణ్ని ఆడించే తీరిక మాకేదీ? ట్యూషన్ తగ్గిస్తే వెనకబడతాడని అత్తయ్యగారి భయం.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ దిండ్ల సంగతి నన్ను వదలడం లేదు. మీ వాడికి ఆట మీద ఆశ చావలేదు. తోడు లేదు, వెలుతురు లేదు, అంతే. డిసెంబరులో మన జిల్లాలో ఐదున్నర కాకుండానే పొద్దు కుంకుతుంది. ఏడింటికి ట్యూషన్ వదిలితే పిల్లవాడికి మిగిలేది చీకటి, ఆ చీకట్లో చేతికందేది ఫోను. కాబట్టి ముందు ఫోనుతో పోరు పెట్టుకోకండి, ట్యూషన్ వేళ మార్చండి. ఆరున్నర నుంచి ఒక గంట చాలు. బడిలో పొద్దంతా కూర్చుని వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లవాడిని మళ్లీ రెండు గంటలు కూర్చోబెట్టడం తప్పనే అంటాను.

మీరు దగ్గరుండి ఆడించనక్కరలేదు. వాడికి కావలసింది ఈడు పిల్లలు. వీధిలో ముగ్గురు నలుగురు తల్లులు మాట్లాడుకుని, రోజుకొక ఇంటి పెద్దవారు అరుగు మీద కూర్చునేలా వంతులు వేసుకోండి. వచ్చేపోయే వాహనాల భయం తగ్గుతుంది. ఏడుపెంకులో, దాగుడుమూతలో, ఏదైనా సరే. తగవులు వస్తాయి, రానివ్వండి. అలిగి గోడ పక్కన నిలబడి, ఎవరైనా పిలుస్తారేమోనని ఓరగా చూసి, చివరికి తనంతట తానే జట్టులో కలవడం ఏ కోచింగూ నేర్పదు. ఆట పేరుతో దాన్నీ ఇంకో క్లాసు చేయకండి.

ఐదేళ్ల నుంచి పదిహేడేళ్ల వరకు పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అత్తయ్యగారికి ఆ మాట చెప్పండి గానీ వాదనకు దిగకండి. ఆమెకు వామనగుంటలో అష్టాచమ్మో వస్తే, వాన పడే సాయంత్రాలు మనవడికి నేర్పమని అడగండి. గింజలు ఎంచుకుంటూ, ముందు గుంటకు ఎన్ని మిగులుతాయో మనసులో లెక్క వేస్తున్న మనవణ్ని చూస్తే ఆమె భయం కొంత తగ్గుతుంది.

ఇక మీవారు. ఆదివారం ఉదయం ఒక గంట అయోధ్యా మైదానానికి తీసుకువెళ్లమనండి. ఫోను ఇంట్లో ఉంచి వెళ్లాలి. కొడుకు ఏ ఆట అంటే ఆ ఆటే.

మొదట్లో ఫోను కోసం పేచీ పెడతాడు, ఓర్చుకోండి. నెల దాటినా అరుపులు తగ్గకపోతే, తిండీ నిద్రా చెడితే, పిల్లల వైద్యుడికి చూపించండి. ట్యూషన్ టీచరుతో మాత్రం రేపే మాట్లాడండి.