నల్గొండలో కుక్కకు మైక్రోచిప్ దేనికి?

ప్రశ్న: మాది నల్గొండ. ఇంట్లో ఒక కుక్క, ఒక పిల్లి ఉన్నాయి. మైక్రోచిప్ పెట్టిస్తే, తప్పిపోయినప్పుడు ఎక్కడున్నాయో ఫోన్‌లో కనిపిస్తుందా? అంత ఖర్చు అవసరమా?

కనిపించదు. ఆ ఆశ ఉంటే ఇప్పుడే వదిలేయండి. బియ్యపు గింజంత గాజు గొట్టం, అందులో ఒక నంబరు, అంతే. బ్యాటరీ లేదు, సిమ్ లేదు. స్కానర్‌ను ఒంటికి దాదాపు ఆనించి తిప్పితేనే ఆ 15 అంకెలు బయటికొస్తాయి. ఫోన్‌లో కనిపించాలంటే జీపీఎస్ పట్టీ కొనాలి, దానికి మళ్లీ ఛార్జింగ్ గోల.

అయినా పెట్టించమనే అంటాను. తప్పిపోయిన కుక్క దొరకడం ఒక ఎత్తు, దొరికినాక అది మీదేనని నలుగురిని ఒప్పించడం ఇంకో ఎత్తు. రెండోది ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్లనడగండి.

మా కుక్క పేరు చిట్టి, లాబ్రడార్ జాతి. దీపావళి రాత్రి పక్క వీధిలో ఎవరో లక్ష్మీ బాంబుల దండ అంటించేసరికి గేటు కింద నుంచి దూరి పారిపోయింది. పటాకులు రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. ఆ తీర్పు మా వీధి దాకా ఇంకా రాలేదు. క్లాక్ టవర్ సెంటర్, బస్టాండ్, ఉదయ సముద్రం కట్ట, అన్నీ తిరిగాం. వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో పెడితే దండం బొమ్మలు వచ్చాయి, కుక్క రాలేదు. చివరికి మా పాలాయన చెప్పాడు, పానగల్ అవతల ఒక ఇంటి ముందు అలాంటిదే కట్టేసి ఉందని.

వెళ్లి చూస్తే చిట్టే. మెడలో మా నంబరున్న పట్టీ లేదు, కొత్త నైలాన్ తాడుంది. ఆ ఇంటి పెద్దమనిషి బయటికొచ్చి, "ఇది మా కుక్కే సార్, పిల్లప్పటి సంది మేమే సాదుతున్నం" అన్నాడు. మా ఆవిడ "చిట్టీ" అని పిలిస్తే తోకూపుకుంటూ వచ్చింది. ఆయన మనవడు బిస్కెట్ చూపిస్తే అటు పోయింది. లాబ్రడార్‌ను సాక్ష్యానికి పిలిస్తే ఇంతే, బిస్కెట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఓనర్. మా ఫోన్‌లో ఫోటోలు చూపిస్తే, "ఈ రంగు కుక్కలు సవాలక్ష ఉంటయి" అన్నాడు. అదీ నిజమే.

పక్కనే వాళ్ల బర్రె నెమరేసుకుంటోంది. చెవికి పసుపు పోగు, దాని మీద 12 అంకెలు. సర్కారు బర్రెకు ఇచ్చినపాటి గుర్తింపు మన ఇళ్లలోని కుక్కలకు లేకపోవడం నాకు ఆ నిమిషాన భలే కోపం తెప్పించింది.

చిప్ ఉందని చెబితే ముందు నవ్వారు. తర్వాత ఊరి పెద్దాయన ఒకరు, "సరే, చూపించుండ్రి, మిషన్ ఏం చెప్తే అదే" అని పంచాయితీ తెంపారు. ఇక స్కానర్ వేట. మొదట వెళ్లిన పశువుల దవాఖానలో లేదు. ఫోన్లు చేయగా చేయగా ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర ఉందని తెలిసి, అందరం ఒకే ఆటోలో, కుక్క మధ్యలో, అక్కడికి పోయాం.

డాక్టరు రెండు భుజాల మధ్య తిప్పారు. చిప్ వేసేది అక్కడే. ఏమీ మోగలేదు. ఆ పెద్దమనిషి మీసం మీద చెయ్యేశాడు. డాక్టరు మాత్రం ఆగకుండా మెడ పక్కన, తర్వాత ఎడమ భుజం మీదుగా కిందికి, మెల్లగా జరుపుకుంటూ వచ్చారు. మోచేతికి కాస్త పైన బీప్ అంది. చిప్ లోపల జారడం మామూలేనట, అందుకే ఒళ్లంతా వెతకాలట. ఆయన తెర మీది అంకెలు ఒక్కొక్కటే చదువుతుంటే, ఊరి పెద్దాయన మా టీకాల పుస్తకంలోని చిప్ నంబరు స్టిక్కర్ మీద వేలు పెట్టి పోల్చుకుంటూ పోయారు. చివరి అంకె దగ్గర పుస్తకం మూసి, "ఇగ తాడు విప్పు" అన్నారు. వాళ్లు తిండి ఖర్చు అడిగారు, ఇచ్చాం. కుక్కను బాగానే చూసుకున్నారు లెండి, కాస్త ఒళ్లు కూడా చేసింది.

ఇంటికొచ్చి ఆ నంబరును చిప్ కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూస్తే మా పేరే లేదు! రిజిస్ట్రేషన్‌తో కలిపి డబ్బులు తీసుకున్న క్లినిక్ వాళ్లు అసలు ఎక్కించనే లేదు. అడిగితే సర్వర్ డౌన్ అన్నారు. ఏళ్ల తరబడి డౌన్ అయిన సర్వర్ ఎక్కడుందో వాళ్లకే తెలియాలి. కాబట్టి స్టిక్కర్‌ను పుస్తకంలో అతికించుకుని ఫోటో తీసి పెట్టుకోండి, వివరాలు ఎక్కాయో లేదో మీరే చూసుకోండి, ఫోన్ నంబరు మారితే అక్కడా మార్చండి. మెడ పట్టీ మీద నంబరు ఎలాగూ ఉండాలి, దారిన పోయేవాడి జేబులో స్కానర్ ఉండదు కదా.

చిప్ తప్పనిసరి చేస్తే నాకు ఇంకో సంతోషం ఉంది. హైవే పక్కన నార్కట్‌పల్లి దగ్గర జాతి కుక్కల్ని కారులోంచి దింపి పోయేవాళ్లను చూశాను. సంక్రాంతికి ముద్దుగా ఉందని చలిదేశాల జాతి హస్కీని కొంటారు, మే నెలలో నల్గొండ ఎండకు అది రొప్పుతుంటే ఏసీ బిల్లు చూసి వదిలేస్తారు. చిప్ నంబరు కింద పేరు నమోదై ఉంటే ఆ కుక్క ఎవరిదో తేలిపోతుంది. ఇంగ్లాండ్‌లో కుక్కలకు 2016 నుంచే తప్పనిసరి, పిల్లులకు 2024 జూన్ నుంచి.

మీ పిల్లి సంగతి అడిగారు. పట్టీ కడితే అరగంటలో ఊడదీసుకుని వస్తుంది, కాబట్టి దానికి చిప్పే నయం. సూది టీకా సూది కంటే లావుంటుంది, గట్టిగా పట్టుకునే మనిషిని తోడు తీసుకెళ్లండి.

మీ పిల్లలెవరైనా అమెరికాలో ఉండి, కుక్కను అక్కడికి పంపే ఆలోచన ఉంటే ఒక్క మాట. 2024 ఆగస్టు నుంచి అక్కడ దిగే ప్రతి కుక్కకూ చిప్ ఉండాలి. అదీ రేబిస్ టీకా కంటే ముందు వేసి ఉండాలి. మా బావగారు ముందు టీకా వేయించి తర్వాత చిప్ పెట్టించారు. టీకా మళ్లీ వేయించాల్సి వచ్చింది, టికెట్ డబ్బులు పోయాయి.