నాజీల పాఠం మొదలుపెట్టే ముందు

కావలి

చి. సుధకు మామయ్య ఆశీర్వదించి రాసేది.

ఫోన్‌లో తేలే సంగతి కాదని కాగితం తీసుకున్నాను. వచ్చే వారం తొమ్మిదో తరగతికి నాజీయిజం పాఠం మొదలుపెట్టాలి, అందులో నాజీ పార్టీ పిల్లల సంఘం హిట్లర్ యూత్ సంగతి ఎలా చెప్పాలి అని కదా అడిగావు. "హిట్లర్‌కి దేశభక్తి ఉంది కదా మేడమ్, తప్పేముంది?" అని ఒక పిల్లాడు ముందే అడిగేశాడని కూడా చెప్పావు. వాణ్ణి కసరకు. ఆ క్లాసులో నీకు పనికొచ్చే మొదటి ప్రశ్న వాడే అడిగాడు.

మన వైపు పిల్లలకి హిట్లర్ అంటే హంతకుడు కాదు. బెత్తం పట్టుకుని తిరిగే మాస్టారికి చాటుగా పెట్టుకునే పేరు. రైల్వే స్టేషన్ బుక్‌స్టాల్లో వ్యక్తిత్వ వికాసం పుస్తకాల పక్కన ఆయన ఆత్మకథ కూడా అమ్ముతారు. పట్టుదల, క్రమశిక్షణ, దేశం కోసం ఏమైనా చేసే మనిషి... పిల్లలు ఇంత సరంజామాతో వచ్చి కూర్చుంటారు. నువ్వు మొదటి రోజే యూదుల్ని చంపిన గ్యాస్ చాంబర్లతో మొదలుపెట్టావనుకో, నిశ్శబ్దంగా వింటారు, కొందరు ఏడుస్తారు కూడా. కానీ ఆ ఏడుపు ఒక పక్క, ఈ మెచ్చుకోలు ఒక పక్క విడివిడిగా ఉండిపోతాయి. "మంచి నాయకుడే, చివర్లో అతి చేశాడు" అనుకుని వెళ్లిపోతారు. అందుకని హిట్లర్‌తో కాకుండా ఒక పదేళ్ల పిల్లాడితో మొదలుపెట్టు.

పిల్లలకి అడవులన్నా, చలిమంటలన్నా, పాటలన్నా ఇష్టమని నాజీలు కనిపెట్టలేదు. 1901లో బెర్లిన్ పక్కన స్టెగ్లిట్జ్‌లో వాండర్‌ఫోగెల్ అనే సంఘం పెట్టారు. హైస్కూలు పిల్లలు వీపున సంచీ, చేతిలో గిటారు పట్టుకుని కాలినడకన ఊళ్లు తిరిగేవాళ్లు. ఆ తర్వాత స్కౌట్లు, చర్చి సంఘాలు, కార్మిక పార్టీల పిల్లల సంఘాలు, ఇలా ఎన్నో వచ్చాయి. నాజీలు 1922లో ఒక యువజన విభాగం పెట్టారు. మరుసటి ఏడాది మ్యూనిక్‌లో హిట్లర్ చేసిన తిరుగుబాటు విఫలమై పార్టీని నిషేధించడంతో అదీ పోయింది. 1926లో వైమార్ ఊళ్లో జరిగిన పార్టీ సభలో దానికి హిట్లర్ యూత్ అని పేరు పెట్టి మళ్లీ లేపారు. అప్పటికి అది చాలా చిన్నది. ఈ మాట పిల్లలకి తప్పకుండా చెప్పు, ఎందుకంటే అసలు కథ అంకెల్లో ఉంది.

బోర్డు మీద మూడే అంకెలు వెయ్యి. 1933 జనవరిలో హిట్లర్ ఛాన్సలర్, అంటే ప్రభుత్వాధినేత, అయ్యేనాటికి సభ్యులు దాదాపు లక్ష. ఆ ఏడాది చివరికి ఇరవై లక్షల పైన. 1936 చివరికి 54 లక్షలు. రాసి, "ఎందుకు పెరిగింది?" అని అడిగి ఊరుకో. "హిట్లర్ అంటే ఇష్టం కాబట్టి" అని సగం మంది అంటారు. "భయం వల్ల" అని మిగతా సగం. రెండూ నిజమే, రెండూ సగమే.

మిగతా సంఘాలన్నీ మూసేశారన్నది పిల్లలకి తట్టదు. సోషలిస్టు, కమ్యూనిస్టు పిల్లల సంఘాలు 1933లోనే పోయాయి. స్కౌట్లనీ, వాండర్‌ఫోగెల్ బాటలో పుట్టిన సంఘాలనీ రద్దు చేశారు. ఆ డిసెంబరులో ప్రొటెస్టెంట్ చర్చి పెద్ద తమ పిల్లల సంఘాలని హిట్లర్ యూత్‌కి అప్పగిస్తూ ఒప్పందం రాసిచ్చాడు. కాథలిక్కులు ఇంకొన్నేళ్లు లాక్కొచ్చారు. ఫుట్‌బాల్ ఆడాలన్నా, కొండెక్కాలన్నా పిల్లాడికి ఇక ఒకటే గుమ్మం మిగిలింది. 1936 డిసెంబరు 1న, దేశంలో పిల్లలందరూ ఈ సంఘం కిందికే వస్తారని చట్టం చేశారు. 1939 మార్చి 25 ఉత్తర్వుతో పది నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి నిర్బంధమైంది, పంపని తల్లిదండ్రులకి శిక్ష. ముందు ఆకర్షణ, తర్వాత వేరే దారి లేకపోవడం, ఆ తర్వాత చట్టం. ఈ వరస వాళ్ల బుర్రలోకి ఎక్కితే పాఠంలో సగం అయిపోయినట్టే.

ఇక ఆకర్షణ. ఇక్కడ తొందరపడకు, ఒక పీరియడ్ పూర్తిగా పెట్టు. 1934లో ఒక పద్ధతి తెచ్చారు. సంఘంలో ఉన్నవాళ్లకి శనివారం బడి ఉండదు, క్యాంపుకి పోవచ్చు. లేనివాళ్లు క్లాసులో కూర్చుని పాఠం వినాలి. ఇది చెప్పగానే మీ వింజమూరు పిల్లల ముఖాలు చూడు, జర్మనీ గురించి వేరే వివరణ అక్కర్లేదు.

పదేళ్లకి చేర్చుకునే విభాగం పేరు యుంగ్‌ఫోల్క్. చేరాక ఒక పరీక్ష ఉంటుంది. 60 మీటర్లు 12 సెకన్లలో పరుగెత్తాలి, 2.75 మీటర్లు దూకాలి, బంతి 25 మీటర్లు విసరాలి, ఒకటిన్నర రోజు నడక యాత్రకి వెళ్లాలి. "ఇంతేనా మేడమ్, మేం చేస్తాం" అంటారు మనవాళ్లు. అననివ్వు. ఆ తర్వాత మెల్లగా చెప్పు: దాంతోపాటే పార్టీ పాట, సంఘం నియమాలు అప్పజెప్పాలి. యుంగ్‌ఫోల్క్ పిల్లలు గట్టివాళ్లు, నోరు మెదపనివాళ్లు, విశ్వాసంగా ఉండేవాళ్లు అని ఆ నియమాల సారాంశం. పరుగుపందెం, నోరు మెదపకపోవడం ఒకే పరీక్షలో ఉన్నాయి. నెగ్గితే నడుముకి కట్టుకోడానికి ఒక కత్తి ఇచ్చేవాళ్లు. పదేళ్లవాడికి కత్తి!

యువకుల్ని యువకులే నడపాలి అన్నది వాళ్ల నినాదం. పద్నాలుగేళ్ల వాడి చేతికింద పదిమంది చిన్నపిల్లలు. ఇంట్లో నాన్న ముందు నోరెత్తలేనివాడు, బడిలో వెనకబెంచీవాడు, యూనిఫాం వేసుకోగానే ఆజ్ఞలిచ్చేవాడయ్యాడు. నాన్నకీ, ఫాదర్‌కీ, మాస్టారికీ జవాబు చెప్పక్కర్లేని కొత్త హోదా అది. డబ్బున్నవాడి కొడుకూ కూలివాడి కొడుకూ ఒకే చొక్కా, ఒకే గుడారం. 1932లో అరవై లక్షల మందికి పని లేని దేశంలో ఆ మాటకి ఎంత విలువ ఉంటుందో ఆలోచించు.

ఆడపిల్లల్ని వదిలెయ్యకు. పుస్తకాలు వాళ్లని ఒక వాక్యంతో దాటేస్తాయి. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల అమ్మాయిలకి జర్మన్ బాలికల లీగ్ ఉండేది. ఇల్లు దాటి ఆటలకీ యాత్రలకీ వెళ్లే వీలు చాలామందికి అక్కడే మొదటిసారి దొరికింది. దొరికాక వాళ్లకి చెప్పింది మాత్రం, ఆరోగ్యంగా ఉండి దేశానికి 'మేలుజాతి' పిల్లల్ని కనమని. సోఫీ షోల్, వాళ్లన్న హాన్స్ ఇద్దరూ తండ్రికి ఇష్టం లేకపోయినా ఉత్సాహంగా చేరినవాళ్లే. సోఫీ తన ఊళ్లో చిన్నపాటి నాయకురాలు కూడా. మ్యూనిక్ యూనివర్సిటీలో నాజీలకి వ్యతిరేకంగా కరపత్రాలు పంచారని 1943 ఫిబ్రవరి 22న ఆ అన్నాచెల్లెళ్ల తలలు నరికారు. వాళ్లని పుట్టుకతో వీరుల్లా చెప్పకు. చేరి, చూసి, బయటికొచ్చారు. మన అమ్మాయిలకి ఆ మధ్యలో ఏం జరిగిందన్నదే ఆసక్తి.

సిద్ధాంతం చెప్పడానికి పెద్ద మాటలు వద్దు. నాయకుడు చెప్పింది ప్రశ్నించకు, నువ్వు సైనికుడివి, మన రక్తం గొప్పది. మొదటి రెండూ చాలా దేశాల్లో చూస్తాం. ఇటలీలో ముసోలినీ 1926లోనే బలిల్లా అని పిల్లల సంఘం పెట్టించి అదే చేశాడు. మూడోదే ఇక్కడ అన్నిటినీ తిప్పింది. "మనమంతా ఒకటి" అన్న ఆ గుడారంలోకి యూదు పిల్లవాడికి ప్రవేశం లేదు, వాడికెంత దేశభక్తి ఉన్నా సరే. 1933 ఏప్రిల్లోనే పెద్ద బడుల్లో, కాలేజీల్లో యూదుల సంఖ్యకి పరిమితి పెట్టారు. 1938 నవంబరులో జర్మన్ బడులనుంచి పూర్తిగా గెంటేశారు. నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాడు ఇవాళ లేడు, అది మామూలే అనుకోవడం పిల్లలకి అలవాటైంది. సిద్ధాంతం పుస్తకంలోంచి కాదు, ఆ ఖాళీ బెంచీలోంచి వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ట్రైనింగుల్లో నాటకం వేయించమంటారు కదా, కొందర్ని యూదులుగా, కొందర్ని నాజీలుగా పెట్టి. వద్దమ్మా. మన క్లాసుల్లో ఎవరు ఏ కాలనీ నుంచి వస్తారో, యానాది పిల్లలెవరో అందరికీ తెలుసు. వేరుగా కూర్చోబెట్టడం అంటే ఏమిటో వాళ్లకి నాటకం వేసి నేర్పాల్సిన పని లేదు. ఆ ఆటలో యూదుడి పాత్ర ఎవరి నెత్తిన పడుతుందో నీకూ తెలుసు, మధ్యాహ్నం భోజనం దగ్గర దాని తాలూకు వెక్కిరింతలు కూడా నువ్వు వినవు. కావాలంటే ఒక రోజు టైంటేబుల్ రాయించు: 1937, పదమూడేళ్ల వయసు, పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం చేస్తావు, ఎవరితో మాట్లాడతావు, ఎవరితో మాట్లాడవు. అది చాలు.

అలాగే మార్చింగ్ వీడియోలు వెయ్యకు. బాజాలు, జెండాలు, వేలమంది అడుగు. పిల్లలకి నచ్చుతుంది, నచ్చడం కోసమే తీశారు! సాయంత్రానికి ఎవడో రీల్ చేసి పెడతాడు. నీకు టెన్షన్. ఒకే ఒక్క ఫొటో చూపించి, ఇది ఎవరు తీశారు, ఎవరికి చూపించడానికి తీశారు, ఫొటోలో ఎవరు లేరు అని అడుగు. మనకి దొరికే బొమ్మల్లో చాలావరకు వాళ్ల ప్రచారం కోసం వాళ్లు తీయించుకున్నవే.

ఆ పిల్లాడి దేశభక్తి ప్రశ్నకి జవాబు నీ దగ్గరే ఉంది. పక్క జిల్లాకి పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి గుండె చూపించాడు. మన జిల్లాకి పేరిచ్చిన పొట్టి శ్రీరాములు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని నిరాహారదీక్ష చేశాడు. దేశభక్తి వీళ్లకీ ఉంది, నాజీలకీ ఉందన్నారు. ఎవరు గుడి తలుపు తెరవమన్నారు, ఎవరు బడి తలుపు మూశారు అని వాణ్ణే అడుగు. ఇప్పటి పార్టీల పేర్లు మాత్రం నువ్వు ఎత్తకు. పిల్లలే ఎత్తితే, ఏ విషయంలో పోలిక, ఏ విషయంలో కాదు, ఆధారం ఏమిటి అని అడుగు. తొందరపడి కుదరదనీ అనకు, అవుననీ అనకు.

యుద్ధం భాగం త్వరగా దాటించు. 1943 నుంచి పదిహేను, పదహారేళ్ల వాళ్లని బడులనుంచి తీసుకెళ్లి విమానాల్ని కొట్టే ఫిరంగుల దగ్గర పెట్టారు. హిట్లర్ యూత్ పేరుతోనే నాజీ పార్టీ సొంత సేన ఎస్‌ఎస్‌లో ఒక ట్యాంకు డివిజన్ తయారైంది. 1944 జూన్‌లో నార్మండీలో ఆ కుర్రాళ్లు చచ్చారు, చేతికి చిక్కిన కెనడా సైనికుల్ని కాల్చి చంపారు కూడా. జాలిపడాలా, తప్పుపట్టాలా అంటే రెండూ.

ఎదురు తిరిగినవాళ్ల గురించి చెప్పు, కానీ పెంచి చెప్పకు. హెల్ముత్ హ్యూబెనర్ అనే కుర్రాడు చాటుగా లండన్ రేడియో విని కరపత్రాలు రాశాడని 1942 అక్టోబరులో ఉరికంబం కూడా కాదు, తల నరికే యంత్రం ఎక్కించారు. పదిహేడేళ్లు. కొలోన్‌లో ఎడెల్‌వైస్ పైరేట్స్ అని జుట్టు పెంచుకుని, హిట్లర్ యూత్ పహరా పిల్లలతో తన్నులాడే కార్మికుల పిల్లలు ఉండేవాళ్లు. 1944 నవంబరులో అక్కడ బహిరంగంగా పదముగ్గురిని ఉరితీస్తే అందులో వీళ్లకి చెందిన కుర్రాళ్లూ ఉన్నారు. ఇలాంటివాళ్లు కొద్దిమందే.

ఈ సంఘాన్ని పెంచి పెద్దచేసిన బాల్డూర్ ఫాన్ షీరాఖ్‌కి, యుద్ధం తర్వాత నాజీ నాయకుల్ని విచారించిన న్యూరెంబర్గ్ కోర్టులో ఇరవై ఏళ్లు శిక్ష పడింది, 1966లో బయటికొచ్చాడు. లక్షల మంది హంతకుడి కోసం ఒక తరాన్ని తయారుచేశానని కోర్టులో ఒప్పుకున్నాడు. అయితే శిక్ష పడింది అందుకు కాదు, వియన్నా అధికారిగా యూదుల్ని తరలించినందుకు. పిల్లల్ని అలా పెంచడం నేరం అవునా కాదా అన్నది మీ క్లాసు వాదించుకోవచ్చు. ఒక పీరియడ్ మిగిలితే అదే పెట్టు, గోల అయినా పర్లేదు.

యూనిట్ టెస్టులో మాత్రం "హిట్లర్ యూత్ లక్షణాలు రాయుము" అని ఇవ్వకు. గైడులో ఉన్నది దించుతారు. "1935లో నీ స్నేహితుడు ఇందులో చేరదామని పిలిచాడు. నీకు ఎందుకు వెళ్లాలనిపిస్తుంది?" అని అడుగు. వెళ్లను అని రాసినవాడికి మార్కులు ఎక్కువ వెయ్యకు, ఎందుకు వెళ్లాలనిపించిందో నిజాయితీగా రాసినవాడికి తగ్గించకు. పేపర్లు దిద్దాక కట్ట నాకు చూపించు. ఎలాగూ సంక్రాంతికి వస్తారు కదా.

ఇట్లు,
మామయ్య