రాత్రిపూట తెర తెల్లబడటానికి కారణం కిటికీ అద్దం

ఊళ్లో ఒంటరిగా ఉంటున్న అమ్మగారి కోసం కెమెరా పెట్టారు, పగలు వాకిలి చక్కగా కనిపిస్తోంది, చీకటి పడగానే తెరంతా తెల్లబడుతోంది అన్నారు కదా. కెమెరా పాడవలేదండీ. దాన్ని కిటికీ లోపల పెట్టడమే చిక్కు. చీకట్లో చూడటానికి అది కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని వదులుతుంది. ఆ కాంతి అద్దానికి తగిలి వెనక్కి వచ్చి కెమెరా కటకాన్నే (లెన్స్‌నే) కమ్మేస్తుంది. ఈ రాత్రికి సెట్టింగుల్లో పరారుణ దీపాలు ఆపి, వాకిట్లో ఒక బల్బు వెలిగించి ఉంచమనండి. తరువాత దుమ్ము, నీళ్ల నుంచి ఐపీ65 స్థాయి లేదా అంతకు మించిన రక్షణ ఉన్న కెమెరాను వసారా చూరు కింద బిగించండి. అక్కడా మసక వస్తే కటకం ముందు సాలెగూడు ఉందేమో చూడండి, మెత్తని గుడ్డతో తుడిస్తే సరి.

మా అమ్మ కూడా ఒంటరిగానే ఉంటుంది. పొద్దున్నే నేను చూసేది ఒక్కటే: గేటుకు తగిలించిన పాల సంచి లోపలికి వెళ్లిందా లేదా. ఏడు దాటినా అక్కడే వేలాడుతుంటే వెంటనే ఫోన్ చేస్తాను. మీరూ అలాంటి గుర్తు ఒకటి పెట్టుకోండి. పడకగదిలో మాత్రం కెమెరా వద్దు, దయచేసి.