మాది జీడి ఫ్యాక్టరీ అని ఇంటర్వ్యూలో చెప్పొచ్చా?

ప్రశ్న: మాది కాశీబుగ్గ. చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. మా అమ్మాయి మెకానికల్ బీటెక్ పూర్తి చేసి, ఏడాదిగా ఇంట్లోనే ఉంటూ ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాసింది. ఒక ఐఐఎం నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. పదో తరగతి వరకు తెలుగు మీడియం కావడంతో ఇంగ్లీషులో తడబడుతుంది. ఖాళీగా ఉన్న ఏడాది గురించి అడిగితే ఏం చెప్పాలి? హైదరాబాద్‌లో నెల రోజులు కోచింగ్ ఇప్పించమంటారా? ఖాళీగానే ఉంది కదా అని ఫ్యాక్టరీ లెక్కలు తనకే అప్పజెప్పాను.
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీరు చివర్లో మాటవరసకు రాసిన వాక్యమే మీ మొదటి ప్రశ్నకు జవాబు. ఏడాదిగా ఒక ఫ్యాక్టరీ లెక్కలు చూస్తున్న అమ్మాయిని ఖాళీగా ఉందంటారేమిటండీ?

అయితే ‘నాన్నకు సాయం చేశాను’ అని సరిపెట్టుకుంటే అక్కడ కుదరదు. ఇద్దరు ముగ్గురు కూర్చుని, ఆ మాట పట్టుకుని లోతుకు దిగుతారు. 80 కిలోల బస్తా పిక్కలు కొంటే పప్పు ఎంత దిగుతుంది? ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూ అని మీకు నోటికి వచ్చు. కానీ పోయిన సీజన్‌లో మీ ఫ్యాక్టరీలో సరిగ్గా ఎంత దిగిందో తనకు తెలియాలి. డబ్ల్యూ 320 అంటే ఏమిటి? పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుళ్లు, అంటే విరగని పప్పులు, తూగే రకం. గుండు విరిగి బద్ద అయితే కిలోకి ఎంత నష్టం? పిక్కలు వేసవిలో కొని పప్పు ఏడాది పొడవునా అమ్ముతారు కదా, అన్నాళ్లూ సరుకు మీద ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ ఎంత పడుతోంది? ఎంబీఏలో వర్కింగ్ క్యాపిటల్ అని చెప్పే పాఠం ఇదే.

ఇబ్బంది పెట్టే ప్రశ్న కూడా ఒకటి రావచ్చు. ‘ఆఫ్రికా పిక్కలు దిగుమతి అయితే మీకు లాభమే, మరి ఉద్దానం జీడి రైతు గతేమిటి?’ 2018లో తిత్లీ తుఫానుకు తోటలు కూలిన రైతులు పక్క ఊళ్లలోనే ఉన్నారు. దీనికి అందరినీ మెప్పించే జవాబు లేదు. రెండు వైపులా చెప్పి, తను ఏ వైపో కూడా చెప్పాలి. అలాగే, సంతబొమ్మాళి మండలంలో కడుతున్న మూలపేట పోర్టు వల్ల మీ సరుకు రవాణా ఖర్చు ఏమవుతుందో ఒకసారి లెక్క వేసి చూడమనండి.

నా సంగతీ చెబుతాను. విజయనగరం గంటస్తంభం దగ్గర మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. నా ఇంటర్వ్యూలో నామోషీ అనిపించి ‘రిటైల్ బిజినెస్’ అన్నాను. ‘కందిపప్పు కిలోకి ఎంత మిగులుతుంది?’ అని అడిగారు. నోరు పెగల్లేదు. పదేళ్లు ఆ కొట్లో పొట్లాలు కట్టినవాణ్ణి!

బీటెక్ సబ్జెక్టుల్లో రెండు గట్టిగా చదివితే చాలు. అందులో ఒకటి థర్మోడైనమిక్స్ అయితే మంచిది. పిక్కలు ఉడకబెట్టే బాయిలర్ పెరట్లోనే ఉందిగా! ఇంటర్వ్యూలు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జరుగుతాయి కాబట్టి ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్‌ను వదలకూడదు. కొన్నిచోట్ల ఇంటర్వ్యూతో పాటు చిన్న వ్యాసం కూడా రాయిస్తారు. రోజూ పేపరు చదివి ఒక పేజీ రాస్తే దానికీ పనికొస్తుంది.

ఇంగ్లీషు గురించి మీకున్నంత టెన్షన్ నాకు లేదు. చిన్న చిన్న వాక్యాలు చాలు. ఒక్కో జవాబు ముందు తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లీషులో ఫోన్‌లో రికార్డు చేసుకుని వినమనండి. బట్టీ మాత్రం వద్దు, రెండో వాక్యానికే దొరికిపోతారు. తెలియనిది ‘తెలియదు సార్’ అనేస్తే ఎవరూ తప్పుపట్టరు.

హైదరాబాద్ నెల రోజులు అక్కర్లేదు. మీ బ్యాంకు మేనేజరును ఒకసారి, కాలేజీ లెక్చరరును ఒకసారి మాక్ ఇంటర్వ్యూ చేయమని అడగండి. దరఖాస్తులో నింపిన ప్రతి గడీ కాపీ వాళ్ల చేతిలో పెట్టండి, ప్రశ్నలు అక్కడి నుంచే పుడతాయి.

అంతకంటే ముందు ఈ ఆదివారం ఫ్యాక్టరీ చిట్టా ముందేసుకుని మీరే అడగండి. తెలుగులోనే. బస్తా ధర దగ్గర మొదలుపెట్టండి.