ప్యాకెట్ ముందు బొమ్మ కాదు, వెనుక తేదీ చూడండి

మిద్దెతోట – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రోహిణి కార్తె ఎండలు నడుస్తున్నాయి. మృగశిర చినుకు పడేలోపు మట్టి కలిపి, విత్తనాలు తెచ్చి పెట్టుకుంటే వానాకాలం పంటకు ఆలస్యం కాదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా విత్తనాల గురించే.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో సొంత ఇల్లు. డాబా 20×30 అడుగులు, రోజంతా ఎండ తగులుతుంది. ఇంట్లో నలుగురం. జూన్‌లో మొదలుపెట్టాలంటే ఎన్ని గ్రో బ్యాగులు కావాలి? వాటిలో ఏమేమి వేసుకోవాలి? స్లాబు అంత బరువు ఆపుతుందా అని మావారి భయం.

జవాబు: మీవారి భయం దగ్గరే మొదలుపెడదాం. మనుషులు తిరిగే డాబాకు ఇంజినీర్లు లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న బ్యాగులో 22 లీటర్ల మట్టి పడుతుంది. ఉత్త ఎర్రమట్టి నింపి నీళ్లు పోస్తే అది 35 కిలోలు దాటుతుంది. చదరపు మీటరుకు అలాంటివి నాలుగు పెడితే హద్దు దగ్గరికి వచ్చేసినట్టే, ఇక మన బరువు అదనం. అందుకని బ్యాగుకు 8 లీటర్ల ఎర్రమట్టి, 7–8 లీటర్ల మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, 6 లీటర్ల తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), 100 గ్రాముల వేపపిండి కలపండి. తడిసినా 25 కిలోలు మించదు. ఐదు కిలోల కోకోపీట్ ఇటుక నానితే దాదాపు 70 లీటర్లు అవుతుంది, అంటే పదకొండు బ్యాగులకు వస్తుంది. నానబెట్టాక రెండుసార్లు నీళ్లు మార్చి పిండాలి, లేకపోతే అందులోని ఉప్పుకు మొలకల అంచులు మాడతాయి.

డాబా మీద నేరుగా ఆరంగుళాల మట్టి పరిచి మడులు కట్టే వాళ్లున్నారు. అంత మందాన తడి మట్టి చదరపు మీటరుకు 250 కిలోల వరకు తూగుతుంది. ఆ పని మాత్రం చేయకండి. పెద్ద బ్యాగులు, డ్రమ్ములు గోడల వెంబడి, కింద దూలాలున్న చోటే ఉంచండి. ప్రతిదాని కింద నాలుగు ఇటుకలు పెట్టి ఎత్తుకు లేపితే నీళ్లు జారిపోతాయి, ఎక్కడైనా చెమ్మ దిగుతుంటే కంటికి కనిపిస్తుంది. ఇల్లు పాతదైతే, స్లాబుకు పగుళ్లుంటే ముందు ఇంజినీరుకు చూపించండి.

ఇక లెక్క. ఆరువందల చదరపు అడుగులూ మొదటి ఏడాదే నింపొద్దు. పాతిక బ్యాగులు, ఆకుకూరలకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఎనిమిది అంగుళాల లోతు ఉన్న ట్రేలు ఆరు చాలు. ఎన్ని మొక్కలు పెట్టాలన్నది వంటింటి వైపు నుంచి లెక్క కట్టాలి. నలుగురికి ఒక పూట బెండకాయ వేపుడుకు 300 గ్రాములు పైనే కావాలి, అంటే లేత కాయలు పాతిక దాకా. కాపు మీదున్న బెండ మొక్క రోజు విడిచి రోజు ఒక కాయ ఇస్తుంది. పన్నెండు మొక్కలుంటే నాలుగు రోజులకోసారి కూర. నాలుగు మొక్కలు పెట్టుకుని, రోజుకు రెండు కాయలు ఫ్రిజ్‌లో కూడబెడుతూ, చివరికి ముదిరినవన్నీ పారేసేవాళ్లే ఎక్కువ. పచ్చిమిర్చి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, నాలుగు మొక్కలు ఇంటికి చాలు. వంకాయ నాలుగు, బీర రెండు, కాకర రెండు, సొర ఒక్కటి. సొరపాదు రెండోది పెడితే వీధిలో పంచాల్సిందే. ఒక బ్యాగులో బెండ అయితే రెండు మొక్కలు, వంగ అయినా మిరప అయినా ఒక్కటే. తీగ జాతులకు 15×15 అంగుళాల బ్యాగులు తీసుకోండి, వాటిలో 43 లీటర్లు పడుతుంది. పందిరి బలంగా వేయండి, జూలై గాలివానకు కొబ్బరి తాడు పందిళ్లు ఒరిగిపోతాయి.

ఆకుకూరల ట్రేలు ఒకే రోజు చల్లొద్దు. పది రోజులకు రెండేసి చొప్పున చల్లితే కోత తెగకుండా వస్తుంది. మెంతి 20–25 రోజులకు, తోటకూర 25–30కి, పాలకూర 35 రోజులకు, గోంగూర 40 రోజులకు అందుతాయి.

జూన్‌లో వేయకూడనివి కూడా తెలియాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, బీట్‌రూట్ జోలికి ఇప్పుడు పోవద్దు. వాటికి మన హైదరాబాద్‌లో అక్టోబరు నుంచి జనవరి చలే కావాలి. టమాటా నారు ఆగస్టు చివర్లో పోసి, సెప్టెంబరు చివర్లో నాటితే కాపు చలిలో పడుతుంది. వేసవిలో పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత నిలవదు, ఏ టానిక్ పిచికారీ చేసినా అంతే.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ నుంచి. విత్తనాల షాపులో హైబ్రిడ్, ఎఫ్1, దేశవాళీ అంటూ రకరకాలు చూపిస్తున్నారు. నిరుడు ఎఫ్1 టమాటా పండ్ల నుంచి తీసిన విత్తనం వేస్తే ఒక్కో మొక్కకు ఒక్కో రకం కాయ కాసింది. విత్తనం చెడిందా?

జవాబు: విత్తనం చెడలేదు. ఎఫ్1 అంటే రెండు వేర్వేరు వంశాలను సంకరం చేసి తీసిన మొదటి తరం. రెండో తరంలో ఆ గుణాలు విడిపోతాయి, అందుకే మీ కాయలు తలా ఒక తీరుగా వచ్చాయి. ఎఫ్1 వేసేవాళ్లు ఏటా కొత్త ప్యాకెట్ కొనుక్కోవాల్సిందే. విత్తనం కట్టుకోవాలంటే సూటి రకాలు, అంటే తరం మారినా గుణం మారనివి, అడగండి. షాపుల్లో వీటిని వెరైటీ అంటారు, కొన్ని చోట్ల ఓపీ (ఓపెన్ పాలినేటెడ్) అంటారు.

హైబ్రిడ్ అనగానే చెడ్డదనీ, దేశవాళీ అనగానే గొప్పదనీ మేం అనం. టమాటాకు ఆకుముడత వైరస్ పెద్ద బెడద. మీ వీధిలో ఏటా అదొస్తుంటే బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) విడుదల చేసిన అర్క రక్షక్ తీసుకోండి. అది ఎఫ్1 హైబ్రిడే, ఆకుముడతతో పాటు బాక్టీరియా ఎండుతెగులును, ఆకుమాడు తెగులును కూడా తట్టుకునేలా తయారుచేశారు. తెగులు బాధ లేనిచోట అర్క వికాస్, పీకేఎం 1 లాంటి సూటి రకాలు సరిపోతాయి. బెండలో అర్క అనామిక సూటి రకం, పల్లాకు తెగులును పాత పూసా సవానీ కంటే బాగా తట్టుకుంటుంది. మిరపకు గుంటూరు లాం పరిశోధన కేంద్రం వారి జీ 4 రకం, వంగకు భాగ్యమతి మన వంటకూ వాతావరణానికీ సరిపడేవి. గోంగూర, తోటకూర, బచ్చలికి హైబ్రిడ్ అక్కర్లేదు.

ప్యాకెట్ తిప్పి చూడండి. లాటు నంబరు, పరీక్ష తేదీ, మొలక శాతం, గడువు తేదీ ఉండాలి. పరీక్ష చేసిన నాటి నుంచి తొమ్మిది నెలలు గడువు. మొలక శాతం టమాటా, వంకాయలకు కనీసం 70, బెండకు 65, మిరపకు, తీగ జాతులకు 60 ఉండాలన్నది ప్రమాణం. నీలం ట్యాగు ఉంటే ప్రభుత్వ సంస్థ ధ్రువీకరించిన విత్తనం, లేత ఆకుపచ్చ లేబుల్ ఉంటే కంపెనీ తన పూచీ మీద అమ్ముతున్నది. రెండూ కొనదగ్గవే. తేదీలు లేకుండా రంగుల బొమ్మ మాత్రమే ఉన్న ప్యాకెట్ ఎంత చౌకైనా వద్దు. ఎండలో అద్దాల పక్కన వేలాడదీసిన ప్యాకెట్లు కూడా వద్దు, లోపల విత్తనం వేడికి జీవం పోగొట్టుకుంటుంది. గింజలు గులాబీ రంగులో ఉంటే మందు పట్టించినవని అర్థం. చేతులు కడుక్కోండి, పిల్లలకు, పక్షులకు అందనివ్వకండి.

సూటి రకం టమాటా విత్తనం కట్టాలంటే బాగా పండిన కాయలోని గుజ్జును గాజు గ్లాసులో రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడలో పళ్లెం మీద ఆరబెట్టండి. కాగితం మీద ఆరబెడితే అతుక్కుపోతాయి. బీరకాయను తీగ మీదే ఎండనివ్వండి, ఊపితే గింజలు గలగలమనాలి.

ప్రశ్న: నిరుటి ప్యాకెట్లు సగం సగం మిగిలి ఉన్నాయి. వాడవచ్చా?

జవాబు: పరీక్షించి వాడండి. తడి గుడ్డలో పది గింజలు పేర్చి, చుట్టి, డబ్బాలో పెట్టండి, గుడ్డ ఆరకుండా చూడండి. తోటకూర మూడు నాలుగు రోజుల్లో, బెండ ఐదారు రోజుల్లో, టమాటా వారంలో, మిరప పది పద్నాలుగు రోజుల్లో తేలిపోతాయి. ఏడు మొలిస్తే మామూలుగా వేయండి. నాలుగైదు మొలిస్తే గుంతకు రెండు మూడు గింజలు వేసి, ఎక్కువైన మొలకలు తీసి పలుచన చేయండి. అంతకు తగ్గితే పారేయండి. ఉల్లి విత్తనం ఏడాది దాటితే పరీక్ష కూడా దండగ. టమాటా, దోస జాతులు సరిగా దాస్తే మూడు నాలుగేళ్లు నిలుస్తాయి. దాయడమంటే గాలి చొరబడని డబ్బాలో వేసి ఫ్రిజ్ కింది అరలో పెట్టడం.

ప్రశ్న: గచ్చిబౌలిలో ఫ్లాట్. తూర్పు బాల్కనీకి ఉదయం మూడు గంటలే ఎండ. టమాటా వస్తుందా?

జవాబు: రాదు. చెట్టు పెరుగుతుంది, కాయ కాయదు. ఆకుకు మూడు నాలుగు గంటల ఎండ చాలు, కాయకు ఆరు గంటలు కావాలి. పుదీనా, పాలకూర, మెంతి, తోటకూర, తీగ బచ్చలి వేసుకోండి. కాయ ముచ్చట తీరాలంటే ఒక మిరప మొక్క పెట్టి చూడండి, కాపు తక్కువే అయినా మిగతావాటికంటే నయం.

ప్రశ్న: కొత్తిమీర మూడుసార్లు చల్లాను, పది గింజలు కూడా మొలవలేదు. వంటింటి ధనియాలే వాడాను.

జవాబు: మీరు చల్లింది ఏప్రిల్, మే నెలల్లో అని రాశారు, ముఖ్య కారణం అక్కడుంది. 20–25 డిగ్రీల చల్లదనంలో వారం పది రోజుల్లో మొలిచే గింజ, మండే ట్రేలో ఉడికిపోతుంది. మొలిచినా నాలుగు ఆకులకే పూతకొస్తుంది. వంటింటి ధనియాలు తాజావైతే పనికొస్తాయి, పాతబడినవో బాగా ఎండబెట్టినవో అయితే మొలవవు.

పై తొక్కలో రెండు పప్పులుంటాయి. అప్పడాల కర్రతో మెల్లగా ఒత్తి రెండుగా విడదీయండి, పొడి చేయొద్దు. పది గంటలు నానబెట్టి, నీడలో ఆరబెట్టి, సెంటీమీటరు లోతున చల్లి, పైన తడి గోనె కప్పండి. మొలక కనిపించిన రోజే సాయంత్రం గోనె తీసేయాలి, ఒక రోజు ఆగినా మొలకలు పాలిపోయి పడిపోతాయి. వేసవిలో తప్పదనుకుంటే 50 శాతం షేడ్ నెట్ కింద ప్రయత్నించండి. మా మాట వింటే అక్టోబరు దాకా ఆగి, అప్పటివరకు పుదీనాతో సరిపెట్టుకోండి.

ప్రశ్న: మాది నాలుగో అంతస్తు డాబా. బీరపాదు పందిరంతా పాకింది. పిందెలు వేలెడంత అయ్యి పసుపుపచ్చబడి రాలిపోతున్నాయి. మందేమిటి?

జవాబు: మందు కాదు, పుప్పొడి కావాలి. నాలుగో అంతస్తు డాబా మీదికి తేనెటీగలు తక్కువగా వస్తాయి. ఆడపువ్వు కింద చిన్న బీరకాయ ఆకారం ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే. పుప్పొడి అందని పిందె మూడు నాలుగు రోజుల్లో మాడుతుంది. మగపువ్వు కోసి, రేకులు తీసి, మధ్యలోని పసుపు భాగాన్ని ఆడపువ్వు నడుమకు మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు వస్తుంది.

చాలామంది ఉదయమే ఈ పని చేసి ఫలితం లేదంటారు. బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్య. సొర కూడా అంతే. కాకర, దోస, గుమ్మడికి మాత్రం ఉదయం ఆరు నుంచి తొమ్మిది. పాదు కొత్తగా పూతకు వచ్చినప్పుడు మొదటి పది రోజులు మగపువ్వులే వస్తాయి, కంగారుపడొద్దు. ఆ తర్వాత కూడా ఆకు గుబురుగా పెరిగి ఆడపువ్వు రాకపోతే ఎరువులో నత్రజని ఎక్కువైనట్టు, పేడ నీళ్లు కొన్నాళ్లు ఆపండి.

కాయ వంకర తిరిగి, మీద సూదిపోటంత చుక్క నుంచి జిగురు కారుతుంటే అది పండు ఈగ. పిందెకు పాత న్యూస్‌పేపర్ గొట్టం తొడగండి, పందిరికి ఒక క్యూల్యూర్ (మగ ఈగల్ని వాసనతో రప్పించే మందు) ఎర బుట్ట వేలాడదీయండి. పుచ్చిన కాయల్ని కుండీలో వదలకండి, పురుగు మట్టిలో దిగి కోశం కట్టుకుంటుంది. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూటకట్టి వారం ఎండలో పడేయండి.

ప్రశ్న: ఫిబ్రవరిలో పెట్టిన తీగ చిక్కుడు ఇంతవరకు పూయలేదు. పీకేయమంటారా?

జవాబు: ఉంచండి. మన నాటు తీగ చిక్కుడు పగలు పొట్టివైతేనే పూస్తుంది, అక్టోబరు దాకా అంతే. జూన్, జూలైలో పెట్టి ఉంటే ఇన్ని నెలలు మేపే పని తప్పేది. ఏ కాలంలోనైనా కాయాలంటే అర్క జయ్ లాంటి పొట్టి రకం తెచ్చుకోండి, దానికి పగటి పొడవుతో పని లేదు, పందిరీ అక్కర్లేదు.

ప్రశ్న: ఆర్వో ఫిల్టరు నుంచి వృథాగా పోయే నీళ్లు మొక్కలకు పోయవచ్చా? మాకు బోరు నీళ్లే.

జవాబు: బోరు నీళ్లలోని లవణాలన్నీ చిక్కబడి ఆ గొట్టంలో వస్తాయి. రోజూ అవే పోస్తే బ్యాగు అంచున తెల్లటి పొర పేరుకుంటుంది, ఆకుల అంచులు మాడతాయి. చిక్కుడు, బీన్స్, క్యారెట్ ముందుగా దెబ్బతింటాయి. పాలకూర, బీట్‌రూట్ కొంత ఓర్చుకుంటాయి. లేత ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు, బోరు నీటి క్షారానికి అది మామూలు. వృథా నీళ్లతో డాబా కడుక్కోండి. మొక్కలకు తప్పనిసరైతే నల్లా నీళ్లు మూడు వంతులు, ఇవి ఒక వంతు కలపండి, నెలకోసారి మంచినీళ్లు బ్యాగు అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి ఉప్పు కడిగేయండి. వానాకాలంలో ఆ కడుగుడు వర్షమే చేస్తుంది, అడుగు రంధ్రాలు మట్టితో పూడిపోకుండా చూసుకుంటే చాలు.